శనివారం తెచ్చిన బేరింగ్

మా మేనకోడలు సింధు పెళ్లి ముహూర్తం వేళకు పెనుకొండ కల్యాణమండపంలో ఉండాల్సినవాళ్లంతా ఉన్నారు. పురోహితుడున్నాడు, మేళగాళ్లున్నారు, పెళ్లికొడుకున్నాడు, ఉప్మా తిని రెండోసారి కాఫీ అడుగుతున్న బంధువులున్నారు. లేనివి మూడే. పెళ్లికూతురు కట్టుకోవాల్సిన చీర, ఆమెను బుట్టలో ఎత్తుకురావాల్సిన మేనమామ, ఆ మేనమామ బుర్రలో ఉండాల్సిన బుద్ధి. మొదటి రెండూ ఆలస్యంగానైనా వచ్చాయి. మూడోదాని కోసం మా ఆవిడ ఇప్పటికీ ఎదురుచూస్తోంది.

ఆ మేనమామ నేనే. కొన్నేళ్ల కిందటి మాట ఇది. అప్పటికి నేను హిందూపురం హైస్కూల్లో సోషల్ టీచర్ని. అంటే ప్రపంచంలో ఏ దేశంలో ఏం పండుతుందో చెప్పగలను, మా ఇంటి కుళాయి ఎందుకు కారుతుందో మాత్రం చెప్పలేను. అయినా ఆ రోజుల్లో నాకొక జబ్బు పట్టుకుంది. మొబైల్లో వీడియో చూస్తే ఏ పనైనా వచ్చేస్తుందనే జబ్బు. అంతకుముందే మిక్సీ బాగుచేసి దాన్ని శాశ్వతంగా విశ్రాంతికి పంపాను. ఇంట్లోవాళ్లు అప్పుడే నా చేతులు కట్టేయాల్సింది. కట్టేయలేదు. కాబట్టి జరిగినదాంట్లో వాళ్లకూ వాటా ఉందని నా వాదన.

మా కారు పాతది. నాకంటే ముందు ఇద్దరు దాన్ని నడిపి, విసిగి, అమ్మేశారు. పెళ్లి ఇంకో వారం ఉందనగా దానికి కొత్త రోగమొచ్చింది. కాస్త వేగం అందుకుంటే చాలు, వెనకనుంచి "ఊఁ... ఊఁ..." అని మూలుగు. నేను కుడిపక్క స్టీరింగు పట్టుకుని, అద్దం దించి, చెవి బయటపెట్టి విన్నాను.

"కుడి పక్క వెనక చక్రం. బేరింగు పోయింది," అన్నాను గంభీరంగా.

ఎడమపక్క కూర్చున్న మా ఆవిడ సుజాత, "నా పక్కనుంచి వస్తాందండీ. నా ఈపు ఎనకాలే అరుస్తాంది," అంది.

"శబ్దం గాల్లో తిరుగుతుంది. నీకు అట్లా అనిపిస్తుంది. అది సైన్సు."

"మీరు చెప్పేది సోషలు గదా?"

ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పకూడదు. నేను అద్దం ఎత్తేశాను.

బేరింగంటే ఏమిటో తెలియని అదృష్టవంతులకు ఒక మాట. చక్రం నడిమధ్యలో ఒక ఇనుప కడియం ఉంటుంది. దాంట్లో చిన్న చిన్న ఇనుప గుండ్లు దొర్లుతుంటాయి. వాటిమీదే చక్రం తిరుగుతుంది. అవి అరిగితే బండి మూలుగుతుంది. అంతే సంగతి. దీన్ని మార్చడానికి మా వీధి చివరి మెకానిక్ రెండు రోజులు బండి వదిలి పొమ్మన్నాడు. వదిలితే పోయేది. కానీ అతను నన్ను చూసి, "మీరు పాఠాలు చెప్పుకోండి సార్, ఇది మాకిడిసిపెట్టండి," అన్నాడు. నాకు రోషం పొడుచుకొచ్చింది. మా ఇంటి ముందరే, నా చేతులతోనే మారుస్తానని అక్కడికక్కడే ప్రకటించి వచ్చాను.

ఇక్కడ సింధు గురించి చెప్పాలి. మావైపు పెళ్లికూతురిని మేనమామ వెదురుబుట్టలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి ఎత్తుకొస్తాడు. ముహూర్తం చీర కూడా మేనమామదే. సింధు మా అక్క కూతురు. నేను ఎత్తుకుని తిప్పిన పిల్ల. పెళ్లి కుదిరిన రోజే ఫోన్ చేసి, "మామా, బుట్ట నువ్వే ఎత్తల్ల. రమణ మామ ఎత్తితే నేను దూకి పారిపోతా," అంది. రమణ మా చిన్నాన్న కొడుకు. ఎవరి పెళ్లయినా బుట్ట పట్టుకోవడానికి చొక్కా చేతులు మడుచుకుని సిద్ధంగా ఉంటాడు. బుట్ట మీద కంటే ఫొటో మీద వాడికి ప్రేమ ఎక్కువ.

చీరేమో ధర్మవరంలో మా మామగారి మగ్గం మీద ఉంది. మామగారు ఆ చీర వేరే ఎవరి చేతికీ ఇవ్వనన్నారు. "నేనే తెస్తా నాయనా. అది మగ్గం మీంచి దిగేసరికి పెండ్లి ముందరి దినమయితాది," అన్నారు. "పెళ్లిరోజు పొద్దున్నే నేనొచ్చి మిమ్మల్నీ చీరనూ కారులో తీసుకుపోతా మామా, మీరు నిశ్చింతగా ఉండండి," అని నేను మాటిచ్చాను. ఆ "నిశ్చింతగా" అన్న మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు తిక్క లేస్తుంది.

సరే, శనివారం సాయంత్రం స్కూలు వదలగానే అంగడికి పోయి బేరింగు కొన్నాను. అంగడాయన నా తెల్లచొక్కా చూసి, నా వాలకం చూసి, పాపం జాలిపడ్డాడు. డబ్బాలోంచి గ్రీజు తీసి, బేరింగు లోపలా బయటా దట్టంగా కూరి, కవర్లో చుట్టిచ్చాడు.

"సార్, గ్రీజు నిండుగా పెట్టిచ్చినా, అది లేకుంటే చక్రం పట్టేస్తాది. ఇట్లే బిగించేయల్ల. దుమ్ము తగలనీయొద్దు, నీళ్లు తగలనీయొద్దు."

నేను తలూపాను. నాకిదంతా ఎప్పుడో తెలుసన్నట్టు ఊపాను. నిజానికి అప్పుడు నేను ఫోన్‌లో జాకీ ఎక్కడ పెట్టాలో చూస్తున్నాను. వినకుండా తలూపే పిల్లల్ని నేను క్లాసులో బెంచీ ఎక్కిస్తాను. నన్ను ఎక్కించడానికి అక్కడ ఎవరూ లేకపోయారు.

ఇంటి గడపలో కాలు పెట్టబోతుంటే మా అమ్మ అడ్డం నిలబడింది.

"ఏమిరా అది చేతిలో?"

"బేరింగమ్మా. కారుకు."

"ఇనుమా?"

"ఇనుమే."

"ఆ నల్లగా కారతాండేదేమి?"

"గ్రీజు. ఒకరకం నూనె అనుకో."

అమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "శనివారం నాడు ఇనుము తేకూడదు, నూనె తేకూడదు. నువ్వు రెండూ కలిపి తెచ్చినావా! పెండ్లి పెట్టుకోని! బుద్ధుండాదా నీకు?"

"రేపు ఆదివారం అంగడి తెరవరమ్మా."

"తెరవకపోతే సోమవారం తెచ్చుకో. అది గడప దాటేందుకు లేదు. ఆడ తులసికోట కాడ వద్దు, ఈ పక్క గోడ మింద పెట్టు. తెల్లారినాక నేను చూసుకుంటా."

"నువ్వేం చూస్తావు?"

"దోషం పోయేదానికి ఏమి చేయల్లో అది చేస్తా. నువ్వు పోయి చేతులు కడుక్కో."

వాదించే ఓపిక లేక గోడమీద పెట్టి లోపలికి పోయాను. మా అమ్మతో వాదించి గెలిచినవాడు మా వంశంలో లేడు. మా నాయన కూడా మధ్యలోనే ఆపేసేవాడు.

ఆదివారం పొద్దున లేచి బయటికొచ్చేసరికి గోడమీద బేరింగు లేదు. కుళాయి దగ్గర అమ్మ కూర్చుని ఉంది. పక్కన చింతపండు గిన్నె, ముగ్గుపిండి, కొబ్బరిపీచు, పసుపునీళ్ల చెంబు. ఆమె చేతిలో నా బేరింగు. కార్తీకమాసంలో దీపపు కుందులు ఎలా తోముతుందో అలాగే తోముతోంది. ప్రతి గుండునూ వేలితో తిప్పి, సందుల్లో పీచు దూర్చి, పిండి కొట్టి, కడిగి, మళ్లీ తోముతోంది.

"ఎంత జిడ్డు పట్టినాది రా దీనికి! అంగడోడు పాతది అంటగట్టినాడు నీకు. మూడుసార్లు తోమితే గాని వదల్లేదు."

పైకి ఎత్తి చూపించింది. అబ్బ! తళతళా మెరిసిపోతోంది. మధ్యలో పసుపు రాసి, అంచున కుంకుమ బొట్టు పెట్టింది. చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ, ఆ క్షణంలో నా నోటినుంచి వచ్చిన మాట ఇది:

"అమ్మా, భలే చేసినావు! ఇప్పుడు చూడు, అసలు కొత్తదానిలా ఉంది!"

చదువుతున్న మీరు ఇప్పుడు నెత్తిన చెయ్యి పెట్టుకుంటే ఆ చెయ్యి అక్కడే ఉంచండి. ఇంకా ఉంది.

జాకీ పెట్టి కారు లేపాను. చక్రం ఊడదీశాను. అంతవరకు బాగానే జరిగింది. చక్రం వెనకాల గుండ్రటి డబ్బాలాంటి డ్రమ్ము ఉంటుంది, అది రానంది. లాగాను, రాలేదు. తన్నాను, కాలు నొప్పి పుట్టింది. సుత్తితో కొట్టాను, వీధిలో కుక్కలన్నీ నిద్రలేచాయి గానీ డ్రమ్ము మాత్రం కదల్లేదు.

"మెకానిక్‌ని పిలవమంటారా?" అని సుజాత కిటికీలోంచి అడిగింది.

"పిలిస్తే నేను ఇల్లు వదిలి పోతా."

"ఎట్ల పోతారు? కారు లేదు గదా."

చివరికి డ్రమ్ము దానంతటదే ఊడి నా బొటనవేలి మీద పడింది. అరిచి, గంతులేసి, కూర్చుని, మళ్లీ పనిలో పడ్డాను. పాత బేరింగు బయటికి తీయడానికి మా అమ్మ రోకలి వాడాను. అది చూసి అమ్మ వేసిన కేక మడకశిర దాకా వినబడి ఉంటుంది. ఊడివచ్చిన పాత బేరింగు చేతిలో పట్టుకుని తిప్పాను. హాయిగా, చప్పుడు లేకుండా తిరిగింది. ఎక్కడా అరుగుదల కనబడలేదు. ఒంటినిండా గ్రీజు. "ఛీ, ఎంత మురికి," అనుకుని మూలకు విసిరేశాను. దేవుడు ఒక మనిషికి ఎన్నిసార్లు చెబుతాడు చెప్పండి?

వీడియో పక్కన స్టూలు మీద నడుస్తోంది. అందులోని మనిషిది ఏ భాషో నాకు తెలియదు, చేతులు మాత్రం చకచకా ఆడుతున్నాయి. కొత్త బేరింగు బిగించే ముందు అతను డబ్బాలోంచి ఏదో తీసి చాలాసేపు పూయడం మొదలుపెట్టాడు. డబ్బాను కెమెరాకు చూపించి నవ్వాడు కూడా. ఇదేదో ప్రకటన అనుకుని ముందుకు జరిపేశాను.

మెరిసే బేరింగును రోకలితో లోపలికి దింపి, డ్రమ్ము ఎక్కించి, చక్రం బిగించి, చేతులు దులుపుకున్నాను. వీధిలో ఒక చుట్టు తిప్పాను. మా వీధిలో గతుకులెక్కువ, ఎద్దులబండి వేగం దాటలేం. ఆ వేగంలో పాత మూలుగూ వినబడలేదు, కొత్తదీ వినబడలేదు.

"విన్నావా? చప్పుడుందా?" అన్నాను సుజాతతో.

"మీరు ఈ వీధిలో నడిపితే ముందు గూడా లేదు."

ఈ మనిషికి మెచ్చుకోవడం రాదు అనుకున్నాను.

పెళ్లిరోజు పట్టుపంచె కట్టుకుని, ఉత్తరీయం వేసుకుని, మసక వెలుతురులోనే బయల్దేరాను. అమ్మనూ సుజాతనూ పెనుకొండలో మండపం దగ్గర దించాను. అప్పటికే వెనకనుంచి మూలుగు వస్తోంది. మూలుగుతో పాటు కొత్తగా గరగర కూడా చేరింది.

దిగుతూ సుజాత, "ఇప్పుడు రెండు పక్కలా వస్తాంది," అంది.

"కొత్త సామాను. సర్దుకోవాలి కదా," అన్నాను.

ధర్మవరం చేరాను. మామగారు గుమ్మం ముందరే నిలబడి ఉన్నారు. చీర ఉన్న పెట్టెను పసిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని ఎక్కారు. ఊరు దాటి నేను కాస్త వేగం పెంచాను. వెనకాల ఎవరో రోట్లో రాళ్లు వేసి రుబ్బుతున్నట్టు శబ్దం మొదలైంది.

మామగారు తక్కువ మాట్లాడే మనిషి. వెనక్కి తిరిగి చూసి, "నాయనా, బండి ఏడుస్తాందే," అన్నారు.

"కొత్త బేరింగు మామా. నేనే వేశాను."

"ఓహో." నా వైపు తిరిగి, "నువ్వే వేసినావా?" అన్నారు.

"అవును."

ఆయన చీర పెట్టెను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నారు.

ఫోన్ మోగింది. సుజాత. "యాడుండారు? అయ్యవారు తొందర పెడతాండాడు. రమణ చొక్కా చేతులు మడస్తాండాడు!"

"వచ్చేశాం, ఇదిగో కొండ కనబడుతోంది!" అన్నాను. నిజంగానే పెనుకొండ కొండ కనబడుతోంది. కనబడుతూనే ఉంది, దగ్గరికి మాత్రం రావడం లేదు. కారు జోరు తగ్గిపోతోంది, నేను తొక్కుతున్నాను, అది ఈడ్చుకుంటోంది. ఇంతలో మాడిన వాసన.

"నాయనా, పొగ."

"యాడ మామా?"

"మన కాడే."

పెద్దగా కీచుమని అరిచి కుడి వెనక చక్రం బిగుసుకుపోయింది. కారు రోడ్డు పక్కకు ఒరిగి ఆగింది. దిగి చూస్తే చక్రం నడుమనుంచి సన్నగా పొగ. చీర ఇక్కడ, నేనిక్కడ, బుట్ట అక్కడ. "బుట్ట నువ్వే ఎత్తల్ల మామా" అన్న మాట చెవిలో మోగుతోంది. నా మీద నాకు ఎంత కోపమొచ్చిందంటే, ఆ చక్రాన్ని తన్నాను. అదే బొటనవేలు.

మామగారు రోడ్డు మధ్యకు పోయి చెయ్యి ఎత్తారు. టమోటా బాక్సులతో పోతున్న ఒక గూడ్స్ ఆటో ఆగింది.

"పెండ్లప్పా! ముహూర్తం చీర! బిన్నా పోవల్ల, వేళ మించిపోతాది!" అన్నారు.

డ్రైవరు చీర పెట్టె చూసి, నా పంచె చూసి, పొగ చూసి, అంతా అర్థం చేసుకున్నాడు. "పెద్దాయనా, నువ్వు చీర తీసుకోని ముందర కూచో. నువ్వు ఎనక ఎక్కు సార్. పండ్ల మింద మాత్రం కూచోవద్దు. నిలబడు."

మాటంటే మాటే. నిలబడే వచ్చాను. పట్టుపంచె గాలికి ఎగురుతుంటే ఒక చేత్తో పంచె, ఒక చేత్తో ఆటో కడ్డీ పట్టుకుని పెనుకొండ బజారులో ఊరేగాను. స్పీడుబ్రేకర్ దగ్గర మాత్రం నిలబడలేక కూలబడ్డాను. బాక్సులో పండ్లు బాగా మాగినవి.

మండపం మెట్లెక్కేసరికి లోపల గొడవ. పురోహితుడు, "ఎవరో ఒక మేనమామ ఎత్తండి, వేళ మించిపోతుంది," అంటున్నాడు. రమణ బుట్టమీద చెయ్యి వేసి కెమెరా వైపు తిరిగి ఉన్నాడు. సింధు గది గుమ్మంలో నిలబడి, "మా మామ వస్తాడు. వచ్చేదాకా నేను బుట్టలో కూచోను. ఎవరేమన్నా అనుకోండి," అంటోంది.

మామగారు చీర మా అక్క చేతిలో పెట్టారు. ఆడవాళ్లు సింధును లోపలికి లాక్కుపోయి, అంతే వేగంగా చీర కట్టి తీసుకొచ్చారు. అరిటాకు పచ్చ, ఎర్ర అంచు. ఆ చీరలో ఆ పిల్లను చూసేసరికి నాకు నిజంగా ఏడుపొచ్చింది. బుట్ట ఎత్తాను. రమణకు రెండోపక్క ఇచ్చాను, వాడి ఫొటో వాడికి దక్కాలి కదా. సింధు నా వైపు ఒంగి, "మామా, టమోటా వాసన వస్తాండావు," అంది. నవ్వాపుకోలేక బుట్ట వదిలేయబోయాను.

తలంబ్రాలు అయ్యాయి, భోజనాలు నడుస్తున్నాయి. ఇక్కడితో ఆగి ఉంటే నా పరువు ఆ టమోటా మరకతో సరిపోయేది. కానీ నా మంచి కోరి మా బావ, అంటే సింధు నాన్న, ఒక మెకానిక్‌ను పంపాడు. అతను నా కారును కట్టి లాక్కొచ్చి సరిగ్గా మండపం ముందర, చెయ్యి కడుక్కునే జనమంతా చూసేచోట ఆపి, చక్రం విప్పాడు. లోపల చూశాడు. వేలుపెట్టి చూశాడు. వాసన చూశాడు.

"ఏమి సార్, ఒక్క చుక్క గ్రీజు లేదు. పైగా పచ్చగా ఉండాది. చింతపండు వాసన. చక్రంలో చారు పెట్టినారా?"

చేతులు కడుక్కునేవాళ్లు కుళాయిలు కట్టేశారు.

అమ్మ ముందుకొచ్చింది, ఏమాత్రం బెదరకుండా. "నేనే తోమినా నాయనా. అంత జిడ్డు ఉంటే చక్రం యాడ తిరుగుతాది?"

మెకానిక్ చేతులు గుడ్డకు తుడుచుకుని లేచాడు. ఎడమపక్క చక్రం దగ్గరికి పోయి చేత్తో ఊపి, "అవ్వా, అది సరేగానీ, పోయిన బేరింగు ఈ పక్కది. వీళ్లు ఇప్పింది బాగుండేదాన్ని," అన్నాడు.

నేను సుజాత వైపు చూడలేదు. చూడాల్సిన పనిలేదు. "నా ఈపు ఎనకాల అని చెప్పినా," అన్న మాట పందిరంతా వినబడేంత మెల్లగా అంది.

అమ్మ మాత్రం తీర్పు చెప్పేసింది. "పక్కా లేదు, జిడ్డూ లేదు. శనివారం తెచ్చినాడు. వద్దని చెప్పినా. ఇనుమూ నూనే రెండూ తెచ్చినాడు." మండపంలోని పెద్దలంతా తలలూపారు. పురోహితుడు కూడా ఊపాడు. చివరికి ఆ మెకానిక్ కూడా, "శనివారమా సార్?" అని నన్ను జాలిగా చూశాడు. ఇంత చదువుకున్న నేను ఎప్పుడూ ఇంత ఏకగ్రీవంగా ఓడిపోలేదు.

కాలిన ఆ బేరింగు ఇప్పుడు మా పూజగదిలో ఉంది. అమ్మ దాన్ని పారేయనివ్వలేదు, అగరబత్తీల గిన్నెకు అడుగున పెట్టుకుంది. ప్రతి శుక్రవారం చింతపండుతో తోముతుంది. దాని ముందు నిలబడి, స్నానం చేసి, తడిబట్టలతో, రెండు చేతులూ జోడించి నేను చేసిన ప్రతిజ్ఞ ఇది: ఇకపై కారుకు తాళంచెవి తప్ప ఇంకే ఇనుమూ నా చేతులతో తాకించను. చప్పుడు ఏ పక్కనుంచి వస్తోందో మా ఆవిడనే అడుగుతాను. వీడియోలు చూస్తే ప్రకటనలు కూడా చివరిదాకా చూస్తాను.

ప్రతిజ్ఞ పూర్తయ్యాక వెనకనుంచి అమ్మ, "ఈపొద్దు ఏ వారమో చూసుకోని చేసినావా?" అంది. చూసుకోలేదు. శనివారం.